బొమ్మల పెట్టెకు తాళమెందుకు?

ఎండాకాలం సెలవులు ముగియకముందే మా పెద్దపల్లిలో కరెంటు స్తంభాలకూ, ఆటోల వెనకా కొత్త ఫ్లెక్సీలు వెలుస్తాయి. ఆటపాటలతో చదువు, ప్లే వే, మాంటిస్సోరి... రంగురంగుల బంతులు, జారుడు బల్ల, నవ్వుతున్న పాపాయి. తల్లులకు ముచ్చటేస్తుంది. ఫీజు కట్టి, టై, బెల్టు కొని, పిల్లను ఆటో ఎక్కిస్తారు. నెల తిరక్కుండానే ఆ నాలుగేళ్ల పిల్ల సంచిలో అరడజను నోటుపుస్తకాలు చేరతాయి. ఇంటికి రాగానే హోంవర్కు. మరి ఆటలేవీ అంటే శనివారం ఆడిస్తామంటారు.

అటు సర్కారు బడి వైపు చూద్దామా? అక్కడ ఆటవస్తువులు అసలే లేవని చెప్పడానికి లేదు. దాదాపు నలభై ఏళ్లుగా ఏదో ఒక పథకం కింద ఇస్తూనే ఉన్నారు. ఇచ్చినవాటిలో పిల్లల చేతికి ఎన్ని వెళ్లాయి, బీరువాలో ఎన్ని మిగిలాయి అన్నదే అడగాల్సిన ప్రశ్న.

ఇది చిన్న విషయమేం కాదు. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చదువు చూసే 'అసర్' సర్వే 2024లో చెప్పిన లెక్క వినండి. దేశం మొత్తం మీద సర్కారు బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. తీసివేత చేయగలిగినవాళ్లు 27.6 శాతం. కరోనా తరవాత 2022లో ఈ అంకెలు 16.3, 20.2 ఉండేవి కనుక కొంత మెరుగే. అయినా నలుగురిలో ముగ్గురు ఇంకా గట్టెక్కలేదన్నమాట.

మూడో తరగతే ఎందుకంటారా? ఆ తరగతి దాటాక ప్రతి పాఠమూ పిల్లకు చదవడం వచ్చిందన్న లెక్కతోనే నడుస్తుంది. సైన్సు చెప్పే సారు అక్షరాలు దిద్దించి మొదలుపెట్టడు కదా! అక్కడ వెనకబడ్డ పిల్ల ఆరులో మౌనంగా కూర్చుంటుంది. ఎనిమిదిలో వెనక బెంచీకి చేరుతుంది. మగపిల్లాడైతే ఏదో ఒక పనిలో పెడతారు. ఆడపిల్లయితే "దీనికి సదువు అబ్బలేదు, సంబంధం జూడుండ్రి" అనే మాట ఇంట్లో మొదలవుతుంది. ఆ మాటకు వేరు ఎక్కడుందో వెతుకుతూ పోతే చాలాసార్లు ఒకటో తరగతి గదిలోనే తేలుతుంది.

ఒక పెట్టె, నలభై ఏళ్లు

1986 జాతీయ విద్యావిధానం వచ్చిన మరుసటేడు ఆపరేషన్ బ్లాక్‌బోర్డు మొదలైంది. ప్రతి ప్రాథమిక బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, వాటితోపాటు ఒక సామాను పెట్టె ఇవ్వాలన్నారు. ఆటవస్తువులు, పటాలు, గ్లోబు, చిన్న సైన్సు కిట్టు, పుస్తకాలు, డోలక్, హార్మోనియం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఆలోచన మంచిదే. కానీ చాలా బడుల్లో ఆ సామాను పెట్టెలోనే భద్రంగా ఉండిపోయింది.

అదే కాలంలో మన ఉమ్మడి రాష్ట్రంలో ఇంకో ప్రయత్నం జరిగింది. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1984 ప్రాంతంలో కొన్ని జిల్లాల్లో ప్రయోగంగా మొదలై, 1989 తరవాత రాష్ట్రమంతటికీ పాకిన 'ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం'. టీచర్లు అప్పెప్ అనేవారు. దాని సూత్రాలు ఇవాళ చదివినా కొత్తగానే ఉంటాయి. పిల్లలు చేసి నేర్చుకోవాలి. ఒక్కొక్కరుగా, జట్లుగా, తరగతి అంతా కలిసి పనిచేయాలి. ఊళ్లో దొరికే వస్తువులు వాడాలి. పిల్లలు చేసినవి గదిలో కనబడాలి. చుట్టుపక్కల బడుల టీచర్లు ఒకచోట చేరి మాట్లాడుకోవడానికి ఉపాధ్యాయ కేంద్రాలు కూడా పెట్టారు.

నేను ఊళ్లో చిన్న తరగతులు చదివింది ఆ రోజుల్లోనే. గది ఈ మూల నుంచి ఆ మూలకు సుతిలి కట్టి, దానికి మేం గీసిన బొమ్మలు వేలాడదీసేవాళ్లు. గాలి వస్తే అవి టపటప కొట్టుకునేవి. ఒక సారు మాత్రం సంచీ నిండా చింతగింజలు తెచ్చి, మమ్మల్ని కింద గుండ్రంగా కూర్చోబెట్టి, మూడేసి గింజల కుప్పలు పెట్టించేవారు. ఏడు కుప్పలు పెట్టి లెక్కబెడితే ఇరవై ఒకటి. మూడో ఎక్కం నాకు నోటికంటే ముందు చేతికి వచ్చింది.

తరవాత డీపీఈపీ వచ్చింది. 1996లో మొదటి విడతకు రాష్ట్రంలో ఎంచుకున్న ఐదు జిల్లాల్లో మన కరీంనగర్ ఒకటి. పెద్దపల్లి అప్పుడు అందులోదే, 2016 అక్టోబరు 11న కదా వేరే జిల్లా అయింది! బోధన సామగ్రి తయారు చేసుకోమని ఒక్కో టీచరుకు ఏడాదికి 500 రూపాయలు ఇచ్చారు. దాంతో అట్టలు, చార్టులు, థర్మోకోల్ బొమ్మలు, మెరుపు అట్టలు తయారయ్యాయి. ఇష్టమున్న టీచర్లు ఆ డబ్బుతో అద్భుతాలు చేశారు. కొన్నిచోట్ల మాత్రం ఆ చార్టులు గోడకెక్కి, అధికారి వచ్చినప్పుడు చూపించే అలంకారంగా మిగిలాయి.

ఇక ఇటీవలి సంగతి. 2021 జులైలో కేంద్రం 'నిపుణ్ భారత్' ప్రారంభించింది. 2026-27 నాటికి మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లకూ చదవడం, రాయడం, చిన్న లెక్కలు రావాలన్నది లక్ష్యం. 2022 ఆగస్టులో తెలంగాణలో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు 'తొలిమెట్టు' వచ్చింది. 2023 ఫిబ్రవరిలో మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం కేంద్రం 'జాదూయీ పిటారా' తెచ్చింది. అంటే మంత్రాల పెట్టె. బొమ్మలు, పజిళ్లు, బొమ్మల కార్డులు, కథలు, పోస్టర్లు అందులో ఉంటాయి. 2025లో మన రాష్ట్రంలోనే కొన్ని బడుల్లో కంప్యూటర్ల మీద ఏఐతో చదువు, లెక్కలు నేర్పడం మొదలైంది.

చూశారా? పెట్టె పేరు మారుతోంది, లోపలి సామాను మారుతోంది. తాళం చెవి సంగతి మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు.

తాళం వేసేది ఎవరు?

తప్పంతా టీచర్లదే అనేస్తే సులువు. కానీ వాళ్ల వైపు నుంచి కూడా చూడాలి. బడికి వచ్చిన ప్రతి వస్తువూ స్టాకు రిజిస్టరులో ఎక్కుతుంది. గ్లోబు విరిగినా, పూసలు పోయినా రేపు సమాధానం చెప్పాల్సింది ఆ హెడ్మాస్టరే. వాడితే విరుగుతుంది, వాడకపోతే లెక్క సరిపోతుంది. ఇలాంటి పద్ధతిలో బీరువాకు తాళం పడక ఏమవుతుంది?

రెండోది, మనుషుల కొరత. ఒక్క టీచరు మూడు నాలుగు తరగతులను ఒకే వరండాలో కూర్చోబెట్టుకున్న బడులు మనకు తెలియనివి కావు. ఒక తరగతికి గింజలు ఇచ్చి ఆడిస్తే మిగతావాళ్లు గోల చేస్తారని భయం. 'ఎత్తి రాయండి' అంటే అందరూ నిశ్శబ్దంగా ఉంటారు.

మూడోది కొంచెం చేదుగా ఉంటుంది. అది తల్లుల నోటి నుంచి వచ్చేదే. బడి నుంచి పిల్ల రాగానే అడిగే మొదటి మాట ఏమిటి? "ఇయ్యాల ఏం రాసినవ్?" ఏం ఆడినవ్, ఏం లెక్కబెట్టినవ్ అని అడిగేవాళ్లు తక్కువ. మా వీధిలో ఒకావిడ పిల్లాడిని ఒక బడి మాన్పించి ఇంకో బడిలో వేసింది. ఎందుకమ్మా అంటే, "అక్కడ పొద్దస్తమానం ఆడిపిచ్చుడేనక్కా, నోటుబుక్కులు తెల్లగనే ఉన్నయ్" అంది. తల్లికి నిండిన నోటుబుక్కు కావాలి, బడికి ఫీజు కావాలి. ఇద్దరి మధ్యా బొమ్మలు ఫ్లెక్సీ మీదికి ఎక్కి కూర్చుంటాయి.

ఈ తాళం కథకు పాత ముచ్చటొకటుంది. మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరంలో తన మొదటి బడి పెట్టింది కూలీల పిల్లల కోసం. ఇవాళ ఆ పేరు ఖరీదైన బడుల బోర్డుల మీదే కనబడుతుంది, అది వేరే సంగతి. మొదట్లో ఆమె బడిలోనూ సామాను బీరువాలో ఉండేది, పంతులమ్మ తీసి ఇచ్చేది. ఒకరోజు ఆ పంతులమ్మ తాళం వేయడం మరచిపోయింది. వచ్చి చూస్తే పిల్లలు ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుని ఎవరి పనిలో వాళ్లున్నారు. వాళ్లు దొంగతనం చేశారనుకోలేదు మాంటిస్సోరి. తమకేం కావాలో వాళ్లకు తెలుసని అర్థం చేసుకుంది. ఆపైన పిల్లల ఎత్తుకు అందే తెరిచిన అరలు పెట్టించింది. ఆమె స్వయంగా రాసుకున్న సంగతి ఇది.

మన దగ్గరా అలాంటి అరలున్న బడులు ఉన్నాయి. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఒకే టీచరుండే బడుల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గోడ మీద నిచ్చెనలాంటి పటం పెట్టారు. తానే మెట్టు మీద ఉందో పిల్ల ఆ పటంలో చూసుకుంటుంది. తన కార్డు తానే వెళ్లి తెచ్చుకుంటుంది. టీచరు జట్టు నుంచి జట్టుకు తిరుగుతూ ఆగినవాళ్లకు సాయం చేస్తారు. దాన్ని చూసి వెళ్లిన కర్ణాటక టీచర్లు 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటెలో 'నలి కలి' మొదలుపెట్టారు. ఆ తరవాత అది ఆ రాష్ట్రమంతటా సర్కారు బడుల్లోకి వెళ్లింది. కార్డులు బీరువాలో పెట్టి తాళం వేస్తే ఈ చదువు ఒక్కరోజు కూడా నడవదు. అందులోని బలం అదే.

ఆటకూ పలకకూ వంతెన

అయితే పిల్లలకు బొమ్మలు ఇచ్చేస్తే చదువు దానంతటదే వచ్చేస్తుందా? రాదు. ఈ మాట కూడా గట్టిగా చెప్పుకోవాలి.

2025లో 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో దాన్ని చేసినవాళ్లలో ఉన్నారు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లలు కిలో ధర, ఇచ్చిన నోటు, తిరిగి ఇవ్వాల్సిన చిల్లర ఇట్టే చెప్పేస్తున్నారు. అవే లెక్కలు బడిలో ఇచ్చినట్టు కాగితం మీద ఇస్తే తడబడుతున్నారు. బజారు మొహం చూడని బడిపిల్లలకేమో కాగితం లెక్క వస్తుంది కానీ బేరం లెక్క రావడం లేదు. ఒకచోట వచ్చింది ఇంకోచోటికి తనంత తాను నడిచిపోదన్నమాట. మధ్యలో ఎవరో ఒకరు వంతెన వెయ్యాలి.

ఆ వంతెన ఎంత చిన్నదో చూపించే పరిశోధన ఇంకోటుంది. 2008లో అమెరికాలో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ బీదపిల్లలతో ఒక ఆట ఆడించారు. మన వైకుంఠపాళి లాంటిదే, కాకపోతే పాములూ లేవు, నిచ్చెనలూ లేవు. ఒకటి నుంచి పది దాకా వరస గడులు, అంతే. పావు కదిపేటప్పుడు పిల్లలు ఆ గడిలో ఉన్న అంకెను పైకి చెప్పాలి. అయిదులో ఉండి రెండు పడితే 'ఒకటి, రెండు' అనకూడదు, 'ఆరు, ఏడు' అనాలి. రెండు వారాల్లో నాలుగుసార్లు, సారికి పావుగంట, ఇరవై నిమిషాలు. పిల్లలకు అంకెల మీద పట్టు బాగా పెరిగింది. అదే ఆట అంకెలకు బదులు రంగు గడులతో ఆడినవాళ్లకు ఆ లాభం రాలేదు. ఆటలో తేడా ఎంత? గడిలో ఒక అంకె, నోట్లో ఒక మాట!

ఆ అంకె, ఆ మాట మన ఇళ్లలో ఎన్ని ఆటల్లో ఇమడవు? ఓనగుంటలు తీసుకోండి. ఆఫ్రికా దేశాల్లో మంకాలా అనే ఆట ఇదే కుటుంబానిది. రెండు వరసల్లో ఏడేడు గుంటలు, గుంటకు ఐదేసి గింజలు. మొత్తం ఎన్ని? మొదట పిల్ల ఒక్కొక్కటీ లెక్కబెడుతుంది. నాలుగు రోజులు పోయాక ఒక వరసకు ముప్పై ఐదు, రెండు వరసలకు డెబ్బై అంటుంది. అప్పుడు పలక ఇచ్చి '14 × 5 = 70' అని రాయించండి. వంతెన అంటే అదే.

ముగ్గు వేస్తున్నారా? ఏడు చుక్కలు, సందుచుక్క నాలుగు వరకు. మధ్యలో ఏడు, అటూ ఇటూ ఆరు, ఐదు, నాలుగు. ఎన్ని చుక్కలయ్యాయో ముందు ఊహించి చెప్పమనండి, తరవాత లెక్కబెట్టమనండి. ముప్పై ఏడు రావాలి. ఊహకూ లెక్కకూ తేడా ఎంతో తీసివేసి చూడమనండి. చేతికి పిండి అంటుకున్న పిల్ల తీసివేతకు భయపడదు.

ఇంకోటి. చవకగా బొమ్మలు చేయడం నేర్పే అరవింద్ గుప్తా పేరు వినే ఉంటారు, 2018లో పద్మశ్రీ వచ్చింది. 1987లో వచ్చిన ఆయన మొదటి పుస్తకంలో ఉన్నవి అగ్గిపుల్లలూ, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలూ. పుల్లల మందు గీకేసి, ట్యూబు ముక్కలతో మూలలు కలపాలి. నాలుగు పుల్లలతో చతురస్రం చేస్తే వేలుతో నొక్కగానే వంకర పోతుంది. మూడు పుల్లలతో త్రిభుజం చేస్తే ఎంత నొక్కినా నిలబడుతుంది. అప్పుడు పిల్లను బయటికి తీసుకెళ్లి రామగుండం నుంచి మన పొలాల మీదుగా పోయే కరెంటు టవర్లు చూపించండి. "అన్ని త్రిభుజాలెందుకున్నయ్?" అని అడగండి. జవాబు ఆ పిల్లే చెబుతుంది. ఏ టవరు చూసినా జీవితాంతం గుర్తుంటుంది.

చదువు విషయంలోనూ ఇంతే. పప్పు డబ్బా మీద 'కందిపప్పు', చక్కెర డబ్బా మీద 'చక్కెర' అని కాగితం అంటించి, "కందిపప్పు డబ్బా తే బిడ్డా" అనండి. నాలుగు రోజులకు ఆ కాగితాలు తీసి కలిపేసి మళ్లీ సరిగ్గా పెట్టమనండి. రాత్రి పిల్ల చెప్పిన కథను మీరు పెద్ద అక్షరాలతో నాలుగు వాక్యాలుగా రాసి, మర్నాడు దానిచేతనే చదివించండి. తన మాటే కాగితం మీద కనబడితే పిల్లలకు ఎంత సంబరమో చూడాలి. ఒక్క జాగ్రత్త, ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే గింజలు, గవ్వలు వాళ్లకు అందనీయొద్దు.

ఇవన్నీ ఫోనులో యాప్ వేసిస్తే రావా అని అడిగేవాళ్లున్నారు. కొన్ని మంచివే. కానీ తెర మీది గింజ చేతికి తగలదు, తప్పు చేసినప్పుడు "అట్లెందుకు వచ్చింది?" అని అమ్మలా అడగదు.

చెవి మన చేతికి

ఇంట్లో ఎంత చేసినా బడి పని బడి చేయాల్సిందే. పొద్దున కూలికో, బీడీలకో, దుకాణానికో పోయే తల్లికి ఇవన్నీ చేయించే తీరిక ఎక్కడుంది? అందుకే బడి పెట్టె తెరిపించడం అందరి అవసరం.

ప్రైవేటు బడిలో వేసేవాళ్లు ఫీజు అడిగే ముందు ఒకటో తరగతి గది చూపించమనండి. బొమ్మలు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయా? అరిగి, మాసి, మూలలు చినిగి ఉన్నాయా? అలా ఉంటే సంతోషించండి, పిల్లలు వాడుతున్నారన్నమాట. కవరు కూడా తీయకుండా మెరుస్తుంటే అనుమానించండి.

సర్కారు బడి విషయంలో మనకిప్పుడు ఒక అవకాశం ఉంది. 2024లో తెలంగాణలో సర్కారు బడులకు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. మహిళా సంఘాల ఆడవాళ్లే వాటిలో ముందున్నారు. మంచినీళ్లు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్న మరమ్మతులు వాళ్ల చేతుల మీదుగా జరిగాయి. నల్లా వస్తోందా అని చూసిన చెల్లెళ్లు, బీరువా తెరుచుకుంటోందా అని ఎందుకు చూడకూడదు?

బడికి పోయినప్పుడు నాలుగు మాటలు అడగండి. ఆట సామాను ఎక్కడుంది? చెవి ఎవరి దగ్గరుంది? ఈ వారం ఏ తరగతి వాడింది? వాడాక పలక మీదికి ఏ లెక్క, ఏ మాట వచ్చింది? టీచరును నిలదీసినట్టు కాదు, మీకేం కావాలి సారూ అన్నట్టు అడగండి.

వాళ్ల భయం తీర్చే పని కూడా మనమే చేయొచ్చు. పిల్లలు వాడగా విరిగినవి, పోయినవి టీచరు మీద పడవని, వాటి వివరం కమిటీ సంతకంతో రాసిపెట్టి పై అధికారులకు పంపుతామని ఒక తీర్మానం చేయండి. పోయినవాటి బదులు ఊళ్లో దొరికేవి మనమే ఇద్దాం. బడి పిల్లల యూనిఫాం కుట్టేది మహిళా సంఘాల వాళ్లే కదా. ఆ కత్తిరింపు ముక్కలతో గింజల సంచులు, గుడ్డ బంతులు, అక్షరాల అరలు కుట్టడానికి ఒక మధ్యాహ్నం చాలు. చింతగింజలు ఏ ఇంట్లో లేవు?

ఒంటి టీచరు బడుల్లో వారానికొక గంట ఇద్దరు తల్లులు పోయి ఓ జట్టుతో ఓనగుంటలు ఆడిస్తే, ఆ సారు మిగతా జట్టుకు చదువు చెప్పుకుంటారు. దానికి డిగ్రీ అక్కర్లేదు. 'ఆరు, ఏడు' అని పైకి చెప్పించడం తెలిస్తే చాలు.

ఈసారి మీ బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడు పోండి. మార్కుల కాగితం మీద సంతకం పెట్టాక వెంటనే లేవకండి. "సారూ, ఆ బీరువా ఒక్కసారి తీయుండ్రి" అనండి.